వాట్లు చూసి మోసపోకండి

ఇంట్లో పాటలు వినడానికి యాంప్లిఫయర్ కొనబోతున్నారా? దుకాణదారు ముందుగా వాట్ల లెక్క చెబుతాడు. 50 వాట్లదానికన్నా 100 వాట్లది రెండింతలు మోగుతుందని మీరూ అనుకొంటారు. అది పొరపాటు. సామర్థ్యం రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్లే. చెవికి కాస్త హెచ్చినట్లు తోస్తుంది, అంతే. ధ్వని రెండింతలైనట్లు తోచాలంటే వాట్లు సుమారు 10 రెట్లు కావాలి! అందుకే ముందు స్పీకర్‌ను ఎంచుకోమంటాను. ఒక వాటుకు, ఒక మీటరు దూరంలో 87 డెసిబెల్లు ఇచ్చేదానికి బదులు 90 ఇచ్చేది తెచ్చుకొంటే, 50 వాట్లతోనే 100 వాట్ల పని జరుగుతుంది.

తరువాత ఓమ్‌లు చూడండి. 8 ఓమ్‌లకే తయారైన యాంప్లిఫయర్‌కు 4 ఓమ్‌ల స్పీకర్ తగిలిస్తే ఏమవుతుంది? మీరు చదివిన ఓమ్ నియమమే చెబుతుంది: అదే వోల్టేజికి విద్యుత్ప్రవాహం రెట్టింపవుతుంది. ట్రాన్సిస్టర్లు వేడెక్కి కాలిపోవచ్చు. ఈ సంగతి పెట్టె వెనుక చిన్న అక్షరాల్లో ఉంటుంది గాని, చదివేవారేరీ?

ఇక అంకెలను ధ్వని సంకేతాలుగా మార్చే కన్వర్టర్. 1982లో వచ్చిన సీడీలో సెకనుకు 44,100 నమూనాలుంటాయి. మీ చెవి 20,000 హెర్ట్జ్‌లు దాటి వినలేదు (మా వయసువారికి అంత కూడా వినబడదు). దానికి రెట్టింపుకన్నా కాస్త ఎక్కువ నమూనాలుంటే చాలు. 1,92,000 అని రాసి ఉన్నందుకే ఎక్కువ డబ్బు పోయడం నాకు సమ్మతం కాదు. ఆ డబ్బేదో మంచి స్పీకర్‌కు పెట్టమని మీ నాన్నగారికి చెప్పండి.