ఎస్‌ఓపీ కన్సల్టెన్సీది.. అప్పు మాత్రం మనది!

‘అన్నా, ఈసీఈ, 8.1 సీజీపీఏ, జీఆర్‌ఈ 309. ఏ యూనివర్సిటీ వస్తుంది?’

జూన్‌ వచ్చిందంటే నాకు ఇలాంటి మెసేజ్‌లు మొదలవుతాయి. టెక్‌ బ్లాగ్‌ రాస్తుంటాను కాబట్టి తెలిసినవాళ్లూ, తెలియనివాళ్లూ అడుగుతుంటారు. మెసేజ్‌లో మార్కులుంటాయి, స్కోర్లుంటాయి, బ్యాక్‌లాగ్‌ల లెక్క కూడా ఉంటుంది. ఏం చదవాలనుకుంటున్నారో మాత్రం ఉండదు. అడిగితే ‘ఏదైనా పర్లేదన్నా, సీఎస్‌ అయితే బెటర్‌’ అంటారు.

వాళ్లని తప్పు పట్టను. ఫైనలియర్‌లో నేనూ ఇదే ప్రశ్న పట్టుకుని తిరిగాను. తప్పు ఆ ప్రశ్నలోనే ఉందని అర్థం కావడానికి నాకు ఆరు అప్లికేషన్ల ఫీజు ఖర్చయింది.

ఇది ఎంసెట్‌ కౌన్సెలింగ్‌ కాదు

మన దృష్టిలో అడ్మిషన్‌ అంటే ర్యాంకు. ఇంటర్‌ అయ్యాక ఎంసెట్‌ రాశాం. పోయినేడాది కటాఫ్‌లు చూసి వెబ్‌ ఆప్షన్లు పెట్టాం. ఏదో ఒక కాలేజీ, ఏదో ఒక బ్రాంచి వచ్చింది. చాలామందికి ఆ ఆప్షన్లు పెట్టింది కూడా నెట్‌ సెంటర్‌ వాళ్లో, తెలిసిన లెక్చరరో. ‘నువ్వు ఇంజినీరింగ్‌ ఎందుకు చదవాలనుకుంటున్నావ్‌?’ అని అక్కడ ఎవరూ అడగలేదు. అదే అలవాటుతో ఎంఎస్‌కి అప్లై చేస్తున్నాం. జీఆర్‌ఈ స్కోరుని ర్యాంకు అనుకుంటున్నాం, కన్సల్టెన్సీని నెట్‌ సెంటర్‌ అనుకుంటున్నాం.

అమెరికాలో ఎంఎస్‌ అడ్మిషన్‌ అలా జరగదు. 340కి 320 వస్తే ఫలానా సీటు అని ఎక్కడా రాసి ఉండదు. చాలా డిపార్ట్‌మెంట్లు అసలు జీఆర్‌ఈ తప్పనిసరి కాదంటున్నాయి. మీ మార్కుల జాబితా, రెజ్యుమె, ప్రొఫెసర్లు ఇచ్చిన సిఫారసు లేఖలు, మీరు రాసిన స్టేట్‌మెంట్‌ ఆఫ్‌ పర్పస్‌.. అదే, మనమంతా ఎస్‌ఓపీ అంటామే అది.. ఇవన్నీ కలిపి చూసి నిర్ణయిస్తారు. ఫైనలియర్‌కి వచ్చేసరికి వీటిలో మార్కులు దాదాపు ఖరారైపోయి ఉంటాయి. చేసిన ప్రాజెక్టులు చేసినవే, చేయనివి చేయనివే. అప్పటికి పూర్తిగా మన చేతిలో మిగిలేది ఎస్‌ఓపీ ఒక్కటే. విచిత్రం ఏంటంటే, సరిగ్గా దాన్నే తీసుకెళ్లి వేరేవాళ్ల చేతిలో పెడుతున్నాం.

ముగ్గురం.. ఒకే రేడియో

నా ఎస్‌ఓపీ అమీర్‌పేటలోని ఒక కన్సల్టెన్సీ రాసింది. రెండు పేజీల ఫారం నింపి ఇచ్చాను, నాలుగు రోజుల్లో చేతికొచ్చింది. మంచి ఇంగ్లిష్‌. చిన్నప్పుడు మా ఇంట్లో పాత రేడియో విప్పి చూసినప్పుడే ఎలక్ట్రానిక్స్‌ మీద నాకు మక్కువ పుట్టిందని అందులో ఉంది. మా ఇంట్లో రేడియో లేదు. అయినా బాగుందిలే అనుకుని పంపేశాను.

తర్వాత ఒకరోజు హాస్టల్‌ రూంలో ముగ్గురం మా ఎస్‌ఓపీలు పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నాం. ముగ్గురం ఒకే కన్సల్టెన్సీ. ముగ్గురం చిన్నప్పుడు రేడియో విప్పాం! ఆ రోజు పడీపడీ నవ్వుకున్నాం. మార్చికల్లా ఆ నవ్వు పోయింది. ఆరింటిలో ఐదు రిజెక్ట్‌ అయ్యాయి. వచ్చిన ఒక్క అడ్మిట్‌ ఆ కన్సల్టెన్సీకి టై-అప్‌ ఉన్న యూనివర్సిటీది. నాకు వీఎల్‌ఎస్‌ఐ చేయాలని ఉండేది. అక్కడి కోర్సుల జాబితా మొదటిసారి తెరిచి చూసింది అడ్మిట్‌ వచ్చాకే. వీఎల్‌ఎస్‌ఐ సబ్జెక్టు ఒక్కటీ లేదు. అప్పటికే నాన్న లోన్‌ కోసం ఇంటి కాగితాలు తీసి బ్యాంకులో మాట్లాడి వచ్చారు.

వెళ్లనని చెప్పాను. ఇంట్లో వారం రోజులు ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. మరుసటి ఏడాది మళ్లీ అప్లై చేద్దామని, ఈసారి ఎస్‌ఓపీ నేనే రాయడానికి కూర్చున్నాను. చేసిన పని గురించి రెండు పేరాలు వచ్చాయి. మూడో పేరాలో ‘ఈ డిగ్రీ నాకు ఇప్పుడు ఎందుకు?’ అన్నదానికి జవాబు రాయాలి. రెండు వారాలు కూర్చున్నా ఒక్క నిజమైన వాక్యం రాలేదు. బ్యాచ్‌లో అందరూ వెళ్తున్నారు కాబట్టి వెళ్దామనుకున్నానని అప్పుడు తెలిసింది. ఉన్న ఉద్యోగంలోనే ఉండిపోయాను. ఈరోజుకీ బాధ లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎస్‌ఓపీ యూనివర్సిటీ కోసం రాసే కాగితం మాత్రమే కాదు. వెళ్లాలా వద్దా అని మనకి మనం పెట్టుకునే పరీక్ష. దాన్ని ఇంకొకరితో రాయిస్తే పాసయ్యామో, ఫెయిలయ్యామో మనకే తెలియకుండా పోతుంది.

‘ఫ్రీ’ సర్వీసుకి డబ్బులెవరిస్తారు?

చాలా కన్సల్టెన్సీలు స్టూడెంట్‌ దగ్గర రూపాయి తీసుకోవు. ఎందుకంటే మనం చేరాక టై-అప్‌ యూనివర్సిటీ వాళ్లకి కమిషన్‌ ఇస్తుంది. వ్యాపారంగా అందులో తప్పేమీ లేదు. కానీ మీకు ఏ యూనివర్సిటీ మంచిదో చెప్పేవాళ్లకి, మీరు ఎక్కడ చేరితే డబ్బులొస్తాయో కూడా తెలుసు. ఈ సంగతి గుర్తుపెట్టుకుని వాళ్లిచ్చే లిస్టు చూడండి. ‘మీకు ఈ యూనివర్సిటీతో టై-అప్‌ ఉందా?’ అని మొహమాటపడకుండా అడగండి.

ఎందుకు చదువుతున్నామో తేల్చుకోకుండా బయల్దేరితే ఎంత దూరం పోతుందో మన తెలుగువాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు రోడ్డున పడ్డవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్‌ యూనివర్సిటీ సంగతి బయటపడింది. అందులో క్లాసుల్లేవు, ప్రొఫెసర్లు లేరు. అమెరికా ఇమిగ్రేషన్‌ అధికారులే వల పన్ని పెట్టిన నకిలీ యూనివర్సిటీ అది. స్టూడెంట్లను చేర్పించిన 8 మందిపై కేసులు పెట్టారు. అరెస్టయిన వందమందికి పైగా స్టూడెంట్లలో దాదాపు అందరూ భారతీయులే. అందులో చేరినవాళ్లంతా మోసగాళ్లని నేననను. కానీ ‘ఇక్కడ నాకు పాఠం చెప్పేదెవరు?’ అన్న ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలామంది గుమ్మంలోనే ఆగిపోయేవారు.

సంతకం నాన్నది

ప్రభుత్వ బ్యాంకుల్లో ఎడ్యుకేషన్‌ లోన్‌ 7.5 లక్షలు దాటితే సాధారణంగా ఇల్లో, స్థలమో తనఖా పెట్టమంటారు. అమెరికా ఎంఎస్‌ ఖర్చు దానికి ఎన్నో రెట్లు. లోన్‌ కాగితాల మీద మన పక్కన సంతకం పెట్టేది నాన్నో, అమ్మో. అందుకే లెక్క ముందే వేసుకోవాలి.

చదువయ్యాక ఓపీటీ కింద 12 నెలలు పనిచేసుకోవచ్చు. స్టెమ్‌ కోర్సయితే మరో 24 నెలలు పొడిగింపు ఉంటుంది. అంటే మొత్తం మూడేళ్లు. ఆ తర్వాత ఉండాలంటే సాధారణంగా హెచ్‌-1బీ కావాలి. అవి ఏడాదికి 85 వేలు మాత్రమే. అందులో 20 వేలు అమెరికాలో మాస్టర్స్‌ చేసినవాళ్లకి కేటాయించారు. అడిగేవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ పిటిషన్లపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు ఎన్ని ఇళ్లలో నిద్ర పట్టలేదో మనందరికీ తెలుసు. అమెరికాలోనే చదువుకుని అక్కడి నుంచే స్టేటస్‌ మార్చుకునేవాళ్లకి అది వర్తించదని తర్వాత నెలలో వివరణ ఇచ్చారు. రూల్స్‌ ఇలా ఒక్క రాత్రిలో మారిపోతుంటే, ఉద్యోగం ఒక్కటే లక్ష్యంగా పెట్టుకుని వెళ్లినవాళ్లకి చేతిలో ఏమీ మిగలదు. చదవాల్సింది ఉండి వెళ్లినవాళ్లకి కనీసం ఆ చదువు మిగులుతుంది.

ఇంకో మాట. పీజీ అంటే అమెరికానే కాదు. గేట్‌ స్కోరుకి మూడేళ్లు విలువ ఉంటుంది. థర్డియర్‌లోనే రాయొచ్చు. ఆ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకి 12,400 రూపాయల స్టైపెండ్‌ వస్తుంది. ఐఐటీల ఆఫర్లు కోప్‌ పోర్టల్లో, ఎన్‌ఐటీల సీట్లు సీసీఎంటీలో చూసుకోవాలి. రీసెర్చ్‌ ఇష్టమైతే ఐఐటీ మద్రాస్‌ లాంటి చోట్ల ఎంఎస్‌, ఐఐఎస్సీలో ఎంటెక్‌ రీసెర్చ్‌ ఉన్నాయి. వాటికి ఇంటర్వ్యూ ఉంటుంది. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్‌ ఫీజు ఉండదు. కానీ 2022 నవంబరు నుంచి మనవాళ్లకి ఏపీఎస్‌ సర్టిఫికెట్‌ తప్పనిసరి చేశారు. ఖర్చులకి డబ్బు బ్లాక్డ్‌ అకౌంట్‌లో ముందే చూపించాలి. చాలా కోర్సులు మోటివేషన్‌ లెటర్‌ అడుగుతాయి. పేరు మారినా ప్రశ్న అదే.. ఎందుకు?

సెన్సర్‌ తుప్పు పట్టింది

నాకు తెలిసిన ఒక జూనియర్‌ ఉంది. అనంతపురం వైపు పల్లె. 7.4 సీజీపీఏ. ఫైనలియర్‌ ప్రాజెక్టు అందరిలాగే స్మార్ట్‌ ఇరిగేషన్‌. ఆర్డినో బోర్డు, నేలలో తేమ కొలిచే సెన్సర్‌, ఒక మోటారు. రివ్యూ రోజు బ్రహ్మాండంగా పనిచేసింది. అందరూ అక్కడితో ఆపేస్తారు. ఈ అమ్మాయి దాన్ని తీసుకెళ్లి వాళ్ల వేరుశనగ చేలో పెట్టింది. కొన్నాళ్లకే రీడింగులు తప్పడం మొదలైంది. తీసి చూస్తే సెన్సర్‌ పుల్లలు తుప్పు పట్టి ఉన్నాయి. తడి నేలలో ఎప్పుడూ కరెంటు పారుతుంటే లోహం కరిగిపోతుందని తర్వాత చదివి తెలుసుకుంది. రీడింగ్‌ తీసేటప్పుడే కరెంటు ఇచ్చేలా కోడ్‌ మార్చింది. కొంత మెరుగైంది, పూర్తిగా కాలేదు.

‘అన్నా, ఇది ఫెయిలయిన ప్రాజెక్టు కదా, ఎస్‌ఓపీలో రాయొచ్చా?’ అని అడిగింది. అదే రాయమన్నాను. తన ఇంగ్లిష్‌లోనే, పొట్టి పొట్టి వాక్యాల్లో రాసింది. ఒక ఐఐటీలో రీసెర్చ్‌ ఎంఎస్‌ ఇంటర్వ్యూకి పిలిచారు. ఇంటర్వ్యూలో సగం సేపు తుప్పు మీదే మాట్లాడారట. ‘నాకు తెలియదు అన్న చోట కూడా భయమెయ్యలేదన్నా, నేను చేసిందే కదా’ అంది. సీటొచ్చింది.

అదే ఎస్‌ఓపీ ఇంకెవరో రాసి ఉంటే రెండో ప్రశ్నకే దొరికిపోయేది. అమెరికా వీసా ఇంటర్వ్యూ అయినా ఇంతే. ‘ఈ యూనివర్సిటీనే ఎందుకు?’ అని కౌంటర్‌ దగ్గర అడిగితే రెండు మూడు నిమిషాల్లో మన నోటితోనే చెప్పాలి. అక్కడికి కన్సల్టెన్సీ రాదు. డబ్బులిచ్చి ప్రాజెక్టు కొనుక్కున్నవాళ్లకి ఇక్కడ చెప్పడానికేమీ ఉండదు. చేదుగా ఉన్నా ఇది నిజం.

మాకు ఇంగ్లిష్‌ రాదు కదా అంటే..

ఈ మాట న్యాయమైనదే. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చూసినవాళ్లకి అడిగేందుకు ఎవరుంటారు? అందుకే కన్సల్టెన్సీ గుమ్మం తొక్కొద్దని చెప్పను. ఐ-20 వచ్చాక వీసా ఫారాలు, బ్యాంకు కాగితాల దగ్గర సాయం తీసుకోండి. ఎస్‌ఓపీలో తప్పులు దిద్దడానికి లెక్చరర్‌కో, సీనియర్‌కో చూపించండి. కానీ విషయం మీది కావాలి. ముందు తెలుగులో రాసుకోండి. మీ తమ్ముడికి చెప్పినట్టు రాయండి. తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చుకోండి. చాట్‌జీపీటీకీ ఇదే వర్తిస్తుంది. గ్రామర్‌ దిద్దమంటే దిద్దుతుంది. ‘నాకు ఎస్‌ఓపీ రాసిపెట్టు’ అంటే రేడియో కథే ఇంకో రూపంలో ఇస్తుంది.

సిఫారసు లేఖలు కూడా అంతే. ‘నువ్వే రాసుకురా, సంతకం పెడతా’ అనే సార్లు మనకి కొత్త కాదు. వాళ్ల దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లకండి. వాళ్ల సబ్జెక్టులో, వాళ్ల ల్యాబ్‌లో మీరేం చేశారో ఒక పేజీ రాసి తీసుకెళ్లి ‘సార్‌, దీన్ని చూసి మీరే రాయండి’ అని అడగండి. నెల ముందు అడిగితే రాసేవాళ్లు ఉంటారు. రేపు లాస్ట్‌ డేట్‌ అంటే ఎవరూ రాయరు.

ఆగస్టులో మొదలయ్యే అమెరికా కోర్సులకి చాలా వరకు డిసెంబరు, జనవరిల్లోనే గడువు ముగుస్తుంది. గేట్‌ రిజిస్ట్రేషన్‌ ఆగస్టు, సెప్టెంబరుల్లో వస్తుంది, పరీక్ష ఫిబ్రవరిలో. ఇప్పుడు థర్డియర్‌ అయిపోయినవాళ్లకి టైముంది. ఈ ఆదివారం ఫోన్‌ పక్కన పెట్టి ఒక తెల్లకాగితం తీసుకోండి. మూడు ప్రశ్నలు రాయండి. నా చేత్తో నేను చేసిన పని ఏంటి? అందులో ఎక్కడ ఆగిపోయాను? ముందుకెళ్లడానికి ఏ సబ్జెక్టు, ఏ ల్యాబ్‌, ఏ ప్రొఫెసర్‌ నాకు కావాలి?

మూడింటికీ జవాబులొస్తే మీ ఎస్‌ఓపీ సగం పూర్తయినట్టే. మూడోదానికి రాకపోతే కంగారు పడొద్దు. ఒక ఏడాది ఉద్యోగం చేసి మళ్లీ ఇదే కాగితం తీయండి. యూనివర్సిటీలు ఎక్కడికీ పోవు. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టాక మాత్రం వెనక్కి రావడం కష్టం.