నా కోరపన్ను నన్ను ఆడమనిషి అంటోంది

పోయిన నెల జ్ఞానదంతం పోటు తట్టుకోలేక ఇటిక్యాల నుంచి కర్నూలు పోయాను. అక్కడి క్లినిక్‌లో ఓపీజీ తీయించుకోమన్నారు. గడ్డం స్టాండు మీద పెట్టి నిలబడితే, మిషను తల చుట్టూ తిరిగి రెండు దవడలనూ చాపలా పరిచి చూపిస్తుందే, ఆ ఎక్స్‌రే. ఫిల్ము చేతికొచ్చాక చూస్తే పేరు కరెక్టు, వయసు కరెక్టు, ఆ పక్కన మాత్రం ‘ఎఫ్’ అని ఉంది. టైపు కొట్టినవాళ్లు తొందరలో ఉన్నట్టున్నారు.

“డాక్టరమ్మా, మీ మిషను నన్ను ఆడపిల్లను చేసింది” అన్నాను.

ఆమె ఫిల్మును లైటుకు ఎత్తి చూసింది. “మిషను కాదు తమ్ముడూ, కీబోర్డు. అయినా పేరు తీసేసి ఈ ఫొటో నా ముందు పెడితే, ఇది మగవాడిదేనని నేను కూడా ఒట్టేసి చెప్పలేను” అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ బస్సులో తిరిగొస్తుంటే, బీచుపల్లికి ముందే ఎర్రవల్లి చౌరస్తాలో దిగే మనిషిని, నాకు ఆ నవ్వు నిలవలేదు. పాలెం గుర్తొచ్చింది.

2013 అక్టోబర్ 30. దీపావళికి ఇంకా నాలుగు రోజులు. బెంగళూరు నుంచి హైదరాబాద్ పోతున్న ప్రైవేటు వోల్వో బస్సు తెల్లవారుజామున కొత్తకోట దగ్గర పాలెంలో కల్వర్టును ఢీకొట్టి కాలిపోయింది. 45 మంది చనిపోయారు. అప్పుడది మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు వనపర్తి. ఆ బస్సు అంతకుముందే మా ఎర్రవల్లి చౌరస్తా దాటింది, బీచుపల్లి దగ్గర కృష్ణ మీద వంతెన దాటింది. మా నడిగడ్డ జనం నిద్రలో ఉన్నారు. నేనప్పుడు ఇంటర్. టీవీలో ఆ బస్సు అస్థిపంజరం కనబడగానే మా నాయిన రిమోట్ తీసుకుని టీవీ ఆపేశాడు.

మొహాలు చూసి గుర్తుపట్టే వీల్లేదు. బంధువుల నుంచి నమూనాలు తీసుకుని, డీఎన్ఏ పోల్చి, ఎవరివాళ్లను వాళ్లకు అప్పగించారు. మళ్లీ 2025 అక్టోబర్ 24న అదే రోడ్డు మీద, ఈసారి అటునుంచి ఇటు, హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న బస్సు కర్నూలు దాటాక చిన్నటేకూరు దగ్గర కాలిపోయింది. బస్సులో 19 మంది పోయారు. మళ్లీ డీఎన్ఏ.

ఇలాంటి చోట పన్ను ఏం చేస్తుందో తెలుసుకుందామని వారం తర్వాత కుట్లు చూపించుకునే వంకతో మళ్లీ ఆ డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాను.

ఆమె మొదట అడిగింది మీరు ఊహించని ప్రశ్న. “బస్సు టికెట్ బుక్ చేసేటప్పుడు యాప్ నిన్ను ఏమేం అడుగుతుంది?”

పేరు, వయసు, ఆడా మగా. అంతే కదా. ప్రమాదం జరిగితే మొదట చేతికి దొరికే కాగితం ఆ ప్రయాణికుల లిస్టే. గుర్తు తెలియని దవడ ఒకటి బల్ల మీద ఉంటే, దాన్ని చూసి వయసు సుమారుగా ఇంత, ఆడ లేక మగ అని చెప్పగలిగితే లిస్టులో సగం పేర్లు పక్కకు పోతాయి. సగం మంది తల్లిదండ్రులకు ఆ దవడ ముందు నిలబడే బాధ తప్పుతుంది. అంతవరకే. ఆడ మగ తేలినంత మాత్రాన ఫలానా మనిషి అని తేలదు. పేరు పెట్టి చెప్పడానికి ఇంటర్‌పోల్ పద్ధతిలో ముఖ్యమైన ఆధారాలు మూడే: వేలిముద్రలు, పళ్ల రికార్డు, డీఎన్ఏ.

మరి పన్ను ఆడా మగా ఎలా చెబుతుంది? నోట్లో అన్నిటికంటే ఎక్కువ తేడా కనబడేది కోరపన్నులో, అందులోనూ కింది దవడ కోరపన్నులో. మగవాళ్లది సగటున కాస్త వెడల్పు. ఆ కాస్త అనేది అర మిల్లీమీటరు కూడా ఉండదు. బియ్యపుగింజ మందం కూడా కాదు. 1989లో రావు అనే పరిశోధకుడు, ఆయన సహచరులు దక్షిణ భారతీయుల మీద కొలిచి ఒక లెక్క కట్టారు. కింది కోరపన్ను వెడల్పును, రెండు కోరపళ్ల మొనల మధ్య దూరంతో భాగించాలి. 0.274 దాటితే మగ, లోపైతే ఆడ. వాళ్ల కొలతల్లో నూటికి 85 మంది దాకా సరిగ్గా తేలారు. ఎక్స్‌రే కూడా అక్కర్లేదు, ఒక కాలిపరు చాలు. అందుకే డెంటల్ స్టూడెంట్లకు ఈ లెక్క మహా ఇష్టం.

“నాది కొలవండి” అన్నాను. ఆమె అచ్చు తీసి, కాలిపరు పెట్టింది. పన్ను 6.6 మిల్లీమీటర్లు. మధ్య దూరం 25.2. ఫోన్‌లో భాగించాను. 0.262.

అంటే ఆడమనిషిని. కీబోర్డూ కోరపన్నూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట చెప్పాయి!

ఆమె ఆశ్చర్యపోలేదు. 2009లోనే ఆచార్య, మైనాలి అనే ఇద్దరు ఈ లెక్కలోని లొసుగును పట్టుకున్నారట. వింటే ‘అరె, ఇంతేనా’ అనిపిస్తుంది. మగవాడి పన్ను పెద్దదే, దవడా పెద్దదే. పెద్దదాన్ని పెద్దదాంతో భాగిస్తే మిగిలేదేముంది? ఏ తేడా కోసం కొలిచామో అదే కొట్టుకుపోతుంది. దానికంటే పన్ను కొలతను సూటిగా వాడుకోవడమే నయమని వాళ్ల మాట.

ఓపీజీలో కొలవడం ఇంకో తంటా. అందులో బొమ్మ అసలు కంటే పెద్దగా పడుతుంది, అదీ అన్ని చోట్లా ఒకేలా కాదు. గడ్డం కాస్త ముందుకో వెనక్కో జరిగితే ముందుపళ్లు సాగుతాయి, లేదా నలుగుతాయి. అరమిల్లీమీటరు తేడా అక్కడ ఎక్కడ దొరుకుతుంది? అందుకే ఓపీజీలో పన్ను కంటే దవడ ఎముకనే ఎక్కువగా చూస్తారు. చెవి కిందకు లేచే ఎముక ఎత్తు, దవడ మూల వంపు, ఇలాంటివి. పన్ను అసలు సైజు కావాలంటే త్రీడీలో తీసే సీబీసీటీ స్కాన్ మేలు. ఈమధ్య వేల ఓపీజీలు చూపించి ఏఐకి కూడా ఈ పని నేర్పుతున్నారు. ‘ఎఫ్’ అని రాసిన నా ఫిల్ము ఆ కుప్పలో పడితే అది ఏం నేర్చుకుంటుందో నాకైతే తెలియదు.

అంత నమ్మకం లేనప్పుడు పళ్ల వెంట పడటం ఎందుకని అడిగాను. ఆమె గొంతు కాస్త తగ్గింది. “పిల్లలు ఉంటారు కదా తమ్ముడూ.”

పెద్దవాళ్లయితే కటి ఎముక చూసి ఆడ మగ చాలావరకు చెప్పేస్తారు. పదేళ్ల పిల్లవాడి ఎముకలు ఇంకా ఆ తేడా నేర్చుకోలేదు, అది ఈడొచ్చాక వచ్చేది. కానీ శాశ్వత కోరపన్ను పైభాగం ఆరేడేళ్లకే చిగురు లోపల పూర్తిగా తయారై ఉంటుంది. ఒకసారి తయారయ్యాక దాని సైజు ఇక పెరగదు. బయటికి రాకపోయినా ఎక్స్‌రేలో కనబడుతుంది. చిన్నపిల్లల విషయంలో ఎముక నోరు విప్పనప్పుడు పన్నే కాస్త చెబుతుంది.

మంటలో ఇంకో చిక్కు ఉంది. కోరపన్ను ముందు వరసలో ఉంటుంది. పెదవులు కాలిపోగానే మంట తగిలేది దానికే. పైనున్న ఎనామిల్ పగిలి పెచ్చులు ఊడుతుంది, కొలవడానికి ఏమీ మిగలదు. వెనక దవడపళ్లను బుగ్గలూ నాలుకా కొంతసేపు కాపాడతాయి. వాటి వేర్ల లోపల గుజ్జు మిగిలితే అందులో డీఎన్ఏ ఉంటుంది. ఎనామిల్‌ను తయారుచేసే ఒక జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీదా ఉంది, వై మీదా ఉంది. మామూలుగా పరీక్షించే ముక్కలో ఆ రెంటి నిడివికి 6 అక్షరాల తేడా. ఒకటే నిడివి కనబడితే ఆడ, రెండూ కనబడితే మగ. కొలతలతో పోలిస్తే ఇది గట్టి పరీక్ష.

గట్టిదే కానీ, దీన్ని కూడా మన హైదరాబాద్ వాళ్లే నిలదీశారు. 2002లో సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం 270 మంది భారతీయ మగవాళ్లను పరీక్షిస్తే 5గురిలో వై మీద ఉండాల్సిన ఆ ముక్కే లేదు. ఆరోగ్యంగా తిరిగే మగవాళ్లు, పరీక్షలో మాత్రం ఆడవాళ్లు. ఈ ఒక్క జన్యువునే నమ్మవద్దు, వై మీది వేరే గుర్తులు కూడా చూడాలని వాళ్లు చెప్పారు. 270లో 5 అంటే చిన్న లెక్కలాగే ఉంటుంది, ఆ అయిదుగురిలో మీ అన్న లేనంతవరకు.

నాకు మాత్రం ఆ రోజంతా యాప్ ప్రశ్నే తిరుగుతూ ఉంది. బెంగళూరులో పనిచేసిన రెండేళ్లు నేను ఎన్నిసార్లు మా బావమరిది అకౌంట్‌లో, అతని పేరుతోనే టికెట్ కొట్టించుకున్నానో లెక్కలేదు. ఒకసారి లేడీస్ సీటే మిగిలిందని మా చెల్లెలి పేరు, వయసు వేసి, కండక్టర్‌ను బతిమాలి కూర్చున్నాను. ఆ రాత్రి లిస్టులో నేను ఆడపిల్లను. అదే ఎర్రవల్లి చౌరస్తా రోడ్డు. ఏ దవడను ఏ పేరుతో పోల్చాలో తెలియకపోతే డాక్టరమ్మ కాలిపరు ఎంత సన్నగా కొలిస్తే ఏం లాభం?

వచ్చేటప్పుడు క్లినిక్‌లో ‘ఎఫ్’ దిద్దించాను. ఓపీజీ ఫైలు వాట్సాప్‌లో పంపమంటే పంపారు. కింది ఎడమవైపు నాకు రూట్‌కెనాల్ చేసిన పన్ను ఒకటుంది, వేర్ల నిండా తెల్లటి గీతలతో. ఇలాంటి పని లోకంలో ఇంకెవరి నోట్లోనూ అచ్చం ఇలాగే ఉండదని డాక్టరమ్మ చెప్పింది. ఆడా మగా అన్న ప్రశ్నే అక్కర్లేకుండా, అది నేనేనని చెప్పేది అదే.

ఆ ఫైలును మా చెల్లెలికి ఫార్వర్డ్ చేశాను. “ఛీ, ఏందన్నా ఈ పుర్రె, పొద్దున్నే” అని మెసేజ్ పెట్టింది. డిలీట్ చేయకు అని మాత్రం రాశాను. ఎందుకో చెప్పలేదు.