పట్టిన కుందేటికి మూడే కాళ్లా?

ఇచ్చిన మాట నిలుపుకొనుట వేరు, పట్టిన అభిప్రాయమును విడువకుండుట వేరు. మాట తోటివానికి చెల్లింపవలసిన ఋణము. అభిప్రాయము విషయములో మనము ఎవరికిని బాకీపడలేదు. అయినను తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనువానిని స్థిరుడని పొగడుచున్నాము!

రోనాల్డ్ రాస్ సంగతి చూడుడి. మలేరియా రోగుల రక్తములో ఒక సూక్ష్మజీవి యున్నదని 1880లో లావెరాన్ కనుగొనెను. మన దేశమున సైనిక వైద్యుడైన రాస్ దానిని నమ్మలేదు సరికదా, జ్వరమునకు మూలము పేగులలో నున్నదని వ్రాసి అచ్చువేయించెను. అచ్చులో పడిన మాటను వెనుకకు తీసికొనుట ఎంత కష్టమో ఎరుగుదురు గదా! 1894లో లండనులో మాన్సన్ ఆ జీవిని సూక్ష్మదర్శినిలో చూపెను. రాస్ చూచెను, తన వాదము విడిచెను.

అంతట మాన్సన్ మాటయే వేదమనుకొనెనా? దోమలు చచ్చిన నీటిని త్రాగుటవలన జ్వరము వచ్చునని మాన్సన్ ఊహ. రాస్ ఆ నీటిని కొందరిచేత త్రాగించి చూచెను (నేటి మనస్సాక్షి ఇట్టి పరీక్షను మెచ్చదు). మరల మరల చేసినను ఊహ నిలువలేదు. దానినిని విడిచి, రోగిని కుట్టిన దోమలనే కోసి చూడసాగెను.

ఇట్టివాడు గాలికి ఊగు రెల్లు అందురా? పదిమంది చెప్పినందున ఆయన మారలేదు. కంటికి కనబడినందున మారెను. లండనులో ఆ కన్ను మూసికొనియుండిన యెడల, 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో దోమ కడుపు గోడలో ఆయన వెదకవలసినదే యుండెడిది కాదు.