ఏ బండికి ఏ గన్ను?

బొగ్గు మనదే. ఆ బొగ్గుతో నడిచే భద్రాద్రి పవర్ ప్లాంటు మణుగూరు పక్కనే ఉంది. 270 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 1,080 మెగావాట్లు. అయినా ఎలక్ట్రిక్ స్కూటర్ మీద అశ్వాపురం మీదుగా భద్రాచలం పోయి రావాలంటే బెంగే. దారిలో ఛార్జింగ్ పాయింట్ ఉందని తెలిసినా చాలదు, అక్కడి ఛార్జింగ్ గన్ను మన బండికి పడుతుందో లేదో కనుక్కోవాలి.

కార్ల గొడవ చాలావరకు తేలింది. సీసీఎస్-2 గన్ను నిలబడింది. ఈలోగా కొంత సర్కారు సొమ్ము బూడిదలో పోసిన పన్నీరైంది. 2017లో భారత్ డీసీ-001 అని ఒక పద్ధతి వచ్చింది. ఆఫీసుల కోసం కొన్న ఈ-వెరిటో, తొలి టిగోర్ కార్లు దానికి సరిపోయేవి; అవి 72 వోల్టుల బండ్లు. 2020లో వచ్చిన నెక్సాన్ ఈవీ బ్యాటరీ 300 వోల్టుల పైమాటే. అడాప్టర్ తగిలిస్తే అయ్యే పని కాదిది. మూతి కలిసినా వోల్టేజీ కలవాలి, ఎంత కరెంటు కావాలో బ్యాటరీ అడిగితే ఛార్జర్‌కు అర్థం కావాలి. 2018 డిసెంబరులో కేంద్రం వాళ్లు ప్రతి పబ్లిక్ ఛార్జింగ్ స్టేషన్లో ఐదు రకాల ఛార్జర్లూ ఉండాలన్నారు. ఏడాది తిరక్కుండానే, 2019 అక్టోబరులో, మీకు నచ్చినవి పెట్టుకోండన్నారు. ముందే నమ్మి కొన్నవాడి మాటేమిటి?

మన ఊళ్లో అసలు లెక్క స్కూటర్లది, ఆటోలది. స్కూటర్ కంపెనీ ఏథర్ తన కనెక్టర్‌ను 2021లో అందరికీ వదిలేసింది. హీరో విడా తీసుకుంది. 2023లో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ దాన్నే ఐఎస్ 17017 వరుసలో చేర్చింది. ఏసీ, డీసీ రెండూ ఒకే సాకెట్లో! ఓలా గన్ను మాత్రం వేరే. ప్రమాణం ఉంది గానీ ప్రతి బండికీ పెట్టి తీరాలన్న రూలు లేదు.

అందుకే జనం ఇంట్లో పదిహేను ఆంప్స్ ప్లగ్గునే నమ్ముకున్నారు. మంచిదే. కాకపోతే సాకెట్ లూజైతే పిన్ను నల్లబడుతుంది, ప్లాస్టిక్ కమురు వాసన కొడుతుంది. ఐదు ఆంప్స్ ఎక్స్‌టెన్షన్ బాక్సును కిటికీలోంచి లాగి వానలో ఆటోకు ఛార్జింగ్ పెట్టడం చూస్తే గుండె గుభేలుమంటుంది.

నన్నడిగితే, ఖరీదైన ఫాస్ట్ ఛార్జర్ల కంటే ముందు గని గేట్ల దగ్గరి బండ్ల షెడ్లలో ఎర్తింగ్, షాక్ తగిలితే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ, మీటరు ఉన్న పదిహేను ఆంప్స్ సాకెట్లు వరసగా బిగించాలి. ఇక్కడి సింగరేణి గనుల్లో షిఫ్టు ఎనిమిది గంటలు. చాలా స్కూటర్లు అంతలోపే ఫుల్లయిపోతాయి. బస్టాండు దగ్గరా ఇదే పని చేయొచ్చు.

స్కూటర్ ఫాస్ట్ ఛార్జింగ్ సంగతి రాష్ట్రం చేతిలోనూ ఉంది. 2024 నవంబరు నుంచి తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ. గడువు 2026 డిసెంబరు 31. పొడిగించేటప్పుడు జీవోలో ఒక్క షరతు రాయండి: ఐఎస్ 17017 సాకెట్ ఉన్న స్కూటర్‌కే మాఫీ.

— కిన్నెరసాని