మలావి చేపల రంగు: మందు మాట మానుదాం

ఈ మధ్య మన గుంపులో ఆఫ్రికా సిక్లిడ్ చేపల ఫొటోలు ఎక్కువయ్యాయి. సంతోషమే. ఊత్తుకోట చుట్టుపక్కల మనవాళ్లు కొందరు ఇంటి వెనక సిమెంటు తొట్లు కట్టి పిల్లలు తీయిస్తున్నారు, కొందరు హాల్లో గాజు తొట్టి పెట్టుకుని చూసుకుని మురుస్తున్నారు. ప్రతి ఫొటో కింద ఒకటే ప్రశ్న: "రంగు ఇంకా రావాలంటే ఏం వేయాలన్నా?" ఒకరు మేత పేరు చెబుతారు, ఇంకొకరు మందు పేరు చెబుతారు. పోయిన వారం ఒక తమ్ముడు మగ హార్మోను మేతలో ఎంత కలపాలో కూడా రాశాడు. అది చూసి ఊరుకోలేక ఇది రాస్తున్నాను. కాస్త పొడుగే, ఓపిక చేసుకుని చదవండి.

నా మాట ముందే చెప్పేస్తాను. హార్మోను వేసిన చేపను మన సంఘంలో ఎవరూ అమ్మకూడదు, తెలిసి కొనకూడదు.

ఎందుకంటే, మలావి సరస్సులోని పీకాక్, ఎలక్ట్రిక్ బ్లూ లాంటి రకాల్లో రంగు మగదానికే. ఆడది బూడిద రంగులోనే ఉంటుంది. పిల్లలన్నీ కూడా బూడిదే. మగపిల్లకు నీలమో ఎరుపో తిరగడానికి ఆరేడు నెలలైనా పడుతుంది, నిండు రంగుకు ఏడాది దాటుతుంది. అంతదాకా మేపే ఓపిక లేనివాళ్లు మిథైల్ టెస్టోస్టెరాన్ కలిపిన మేత పెడతారు. అప్పుడు రెండంగుళాల పిల్ల కూడా, ఆడదైనా సరే, మెరిసిపోతుంది. ఆ మేత ఆపాక మెల్లగా వెలిసిపోతుంది. ఆడదానికైతే గుడ్డు పెట్టే శక్తి కూడా పోవచ్చు. కొన్న పిల్లకాయ ఏమనుకుంటాడు? తన నీళ్లు బాగాలేవనుకుంటాడు, మేత బాగాలేదనుకుంటాడు, ఇంకో డబ్బా కొంటాడు. మోసపోయినవాడే తప్పు తనదనుకునే వ్యాపారం ఇది. అంగడిలో చిన్న పీకాక్ పిల్లలన్నీ నిండు రంగులో ఉండి, ఒక్క బూడిద పిల్ల కూడా కనబడలేదంటే అనుమానించండి.

తొట్లు పెట్టుకున్నవాళ్ల కష్టం నాకు తెలియంది కాదు. పెరియపాళ్యం, రెడ్ హిల్స్ దాటి కొళత్తూరుకు పిల్లల్ని తీసుకుపోతే అక్కడ బేరం రంగు చూసే జరుగుతుంది. బూడిద పిల్లను ఎవరూ కన్నెత్తి చూడరు. ఏడాది మేపితే మేత ఖర్చు, కరెంటు ఖర్చు ఎవరిస్తారు? న్యాయమైన ప్రశ్నే. దానికి నా జవాబు, రకం మార్చండి. ఎలక్ట్రిక్ ఎల్లోలో ఆడా మగా రెండూ పసుపే, చిన్నప్పటి నుంచీ పసుపే. డెమసోనిలో రెండింటికీ నీలం చారలే. మందు అవసరమే రాదు. కెన్యీ సంగతి ఇంకా తమాషా: పిల్లలూ ఆడవీ నీలంగా ఉంటాయి, మగది పెద్దదై పసుపు తిరుగుతుంది. "అన్నా, నా చేప నీలం పోయింది" అని దిగులుపడేవాళ్లలో కొందరి దగ్గరున్నది నిక్షేపంలాంటి మగ కెన్యీ!

ఇక ఇంట్లో పెంచుకునేవాళ్ల కోసం. చేప ఒంట్లో రంగులన్నీ ఒక తీరుగా పుట్టవు. పసుపు, ఎరుపు రంగులకు కావలసిన కెరోటినాయిడ్లను చేప సొంతంగా తయారుచేసుకోలేదు, మేతలోంచే రావాలి. రొయ్య ఉడికితే ఎర్రబడుతుంది చూశారా, ఆ పదార్థమే ఆస్టాజాంతిన్. స్పిరులినాలోనూ ఇట్లాంటివి ఉన్నాయి. నలుపును చేపే తయారుచేసుకుంటుంది. నీలం మాత్రం వేరే కథ. అది చర్మంలోని సన్నని స్ఫటికాల మీద వెలుతురు పడి తిరిగిరావడం వల్ల కనబడే రంగు. అందుకే "నీలం పెంచే మేత" అని డబ్బా మీద రాసి ఉంటే ఆ డబ్బులు మిగుల్చుకోండి. రాళ్ల మధ్య పాచి గీక్కుని తినే ఎంబూనా రకాలకు స్పిరులినా ఎక్కువున్న మేతే మేలు. వాటి పేగు పొడుగు, మాంసం మేత మేపితే కడుపు ఉబ్బి చస్తాయి.

నీళ్ల విషయంలో మనం అదృష్టవంతులం, కానీ ఆ సంగతి గుర్తించడం లేదు. మలావి నీళ్ల పీహెచ్ దాదాపు 7.7 నుంచి 8.6 దాకా ఉంటుంది. మన బోరు నీళ్లలో ఉప్పదనం, సున్నం ఉన్నాయని తిట్టుకుంటూ, ఆర్‌ఓ నీళ్లు క్యాన్లతో కొని తొట్టిలో పోసేవాళ్లున్నారు. ఖనిజాలు తీసేసిన ఆ నీళ్లలో పీహెచ్ నిలకడగా ఉండదు, చేప బెదిరి వెలవెలబోతుంది. ముందు బోరు నీళ్లు పరీక్షించుకోండి, సరిగ్గా ఉంటే అవే పోయండి. పీహెచ్ తక్కువుంటే బాగా కడిగిన గుల్లల్నో పగడపు రాళ్ల నలగ్గొట్టునో ఫిల్టరులో పెట్టండి. కాల్చిన సున్నం మాత్రం వద్దు, చేపలు చస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్లో నీళ్లు 30 డిగ్రీలు దాటితే గాలి పంపు ఆగకుండా చూసుకోవాలి. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ పంపు కావాల్సిందే.

అన్నిటికన్నా మనవాళ్లు పట్టించుకోనిది తొట్టిలోని పెత్తనం. టాంగన్యికా సరస్సు చుట్టుపక్కల ఉండే బర్టోనై అనే సిక్లిడ్ మీద స్టాన్‌ఫర్డ్‌లో రస్సెల్ ఫెర్నాల్డ్ బృందం ఏళ్లతరబడి పనిచేసింది. అణిగిమణిగి ఉన్న మగచేపకు పెద్దరికం దొరికిందంటే నిమిషాల్లోనే రంగు తేలుతుంది. ఓడిపోతే వెలిసిపోతుంది. మన తొట్టిలో జరిగేదీ అదే. రాయీ రప్పా లేకుండా, అడుగున తెల్ల గచ్చు మీద ఆరు మగపీకాక్‌లను వదిలితే ఒకటి రాజవుతుంది, మిగతా అయిదు మూల చేరి పాలిపోతాయి. వాటికి ఏ మేత పెట్టి ఏం లాభం? ముదురు రంగు ఇసుక పరవండి, దాక్కోవడానికి రాళ్లు పేర్చండి, ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి వదలండి. మగది రంగు చూపించేది ఆడదాని కోసమే. విక్టోరియా సరస్సు నీళ్లు మురికిపడి మసకబారిన చోట్ల ఆడచేప తన జాతి మగదాన్ని రంగుతో గుర్తుపట్టలేక, రంగులూ తగ్గి, జాతులూ తగ్గాయని ఓలే సీహాసెన్, ఆయన తోటివాళ్లు 1997లోనే 'సైన్స్' పత్రికలో రాశారు. వారానికోసారి మూడో వంతు నీళ్లు మార్చమని నేను గోల పెట్టేది ఊరికే కాదు.

ఇంకొక్క మాట. మనం తినే జిలేబీ చేప కూడా ఆఫ్రికా సిక్లిడ్డే. 1952లో మన దేశానికి తెచ్చారు, ఇప్పుడు లేని చెరువు లేదు. కాబట్టి వద్దనుకున్న చేపల్ని ఆరణి యేట్లోనో కృష్ణా కాలువలోనో వదలకండి. హార్మోను వాడిన తొట్టి నీళ్లను కాలువ దారి పట్టించే మాట అసలే వద్దు. జీరో పాయింట్ నుంచి పూండికి పోయే ఆ నీళ్లు మద్రాసులో మన బంధువుల కుళాయిలోకే చేరతాయి.

వచ్చే కూడికలో ఈ సంగతి మాట్లాడదామని పెద్దలను అడుగుతున్నాను. చేపలు అమ్మే మన సభ్యులు "హార్మోను వేయలేదు" అని చీటీ రాసి ఇవ్వాలన్నది నా ప్రతిపాదన. కాదనేవాళ్లు ఉంటే వచ్చి చెప్పండి, వింటాను. ఈలోగా ఎవరి బోరు నీళ్ల పీహెచ్ ఎంతో, ఊరి పేరుతో సహా కింద రాయండి. అన్నీ కలిపి ఒక పట్టిక వేసి పెడతాను.