కిలోమీటర్లకి కాదు, కాయితాలకి భయపడండి

మేము చదివింది తమిళ మీడియం. రాతలో తప్పులుంటే పెద్ద మనసుతో దిద్దండి.

పోయిన ఆదివారం మీటింగుకి మేమిద్దరం సెకండ్ హ్యాండ్ కారులో వచ్చాం. బండి వయసు 13 నెలలు, తిరిగింది 62,000 కిలోమీటర్లు. ఆ మాట వినగానే ఒక బావగారు "రిటైర్మెంటు డబ్బు పోసి పిండేసిన చెరుకుగడ కొన్నావే!" అన్నారు. అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. ఆ రాత్రి మా ఇంటావిడకి మాత్రం నిద్ర పట్టలేదు. మోకాలి ఆపరేషనుకని ఆవిడ దాచింది కూడా అందులో కొంత ఉంది. అందుకే ఈ రాత. మన హోసూరులో రేపు ఇంకెవరైనా ఇలాంటి బండి ముందు నిలబడితే ఏం చూడాలో తెలియాలి కదా.

మా సర్వీసంతా రైల్వేలో రిజిస్టర్లు రాయడమే. రైలు పెట్టెని ఓవర్‌హాలుకి పంపేటప్పుడు ఇన్ని నెలలు లేదా ఇన్ని కిలోమీటర్లు, ఏది ముందొస్తే అది అని చూస్తారు. కారు వారంటీ మాట్లాడేదీ అదే భాష. మేము కొన్నది హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్. హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు. బండికి 3 ఏళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు.

ఇప్పుడు లెక్క వేయండి. బ్యాటరీకి ఇంకా 98,000 కిలోమీటర్లు, దాదాపు 7 ఏళ్ళు మిగిలాయి. మేము తిరిగేది ఏడాదికి 12,000. బెంగళూరు ఆస్పత్రి, తిరుపతి, పెళ్ళిళ్ళు, అంతే. 7 ఏళ్ళకి 84,000. అంటే మాకు ముందు అయిపోయేది ఏళ్ళే, కిలోమీటర్లు కాదు. పాత ఓనరు తిరిగిన 62,000 వల్ల మా బ్యాటరీ వారంటీలో ఒక్క రోజు కూడా తగ్గలేదు. బండి వారంటీ లెక్క కూడా ఇలాగే వచ్చింది. ధర మాత్రం కొత్త బండి కంటే నాలుగున్నర లక్షలు తగ్గింది.

అదే బండి ఏడాదికి 40,000 తిరిగే మా తమ్ముడి కొడుకు కొంటే? ఆ 98,000 రెండున్నరేళ్ళలో హాం ఫట్. వాడు అడిగితే వద్దనే చెప్తాం. బండి ఒకటే, కొనేవాడి తిరుగుడుని బట్టి లాభనష్టాలు మారతాయి.

ఇంకో సంగతి. 62,000 ఎలా తిరిగిందో చూడాలి. హైవే మీద గంటకి 60 వేగంతో అయితే సుమారు వెయ్యి గంటల పరుగు. ఊళ్ళో ట్రాఫిక్కులో 20 వేగంతో అయితే మూడు వేల గంటలు దాటుతుంది. మాకు అమ్మినాయన ఉద్యోగం కోసం చెన్నై రోడ్డు మీదే తిరిగిన మనిషి. పైగా హైబ్రిడ్‌లో వేగం తగ్గించేటప్పుడు చాలా భాగం మోటారే బండిని ఆపి బ్యాటరీని నింపుతుంది, బ్రేకు ప్యాడ్ల అరుగుదల తక్కువ. మా వీధిలో ఒకాయనది ఆరేళ్ళ కారు, తిరిగింది 18,000. నిలిపి నిలిపి టైర్లు గట్టిపడ్డాయి, బ్యాటరీ రెండుసార్లు మార్చారు. తక్కువ తిరిగిందని ముచ్చటపడితే సరిపోదు.

మరి భయపడాల్సింది దేనికి? కాయితాలకి. మేము మాట నమ్మలేదు. షోరూములో సర్వీసు రికార్డు తీయించాం. తేదీ, కిలోమీటరు రెండూ వరసగా పెరుగుతున్నాయా, మధ్యలో ఖాళీ ఉందా అని చూశాం. హైబ్రిడ్ బ్యాటరీ చెక్ చేయించి రిపోర్టు తీసుకున్నాం. వారంటీ మా పేరున నడుస్తుందని రాయించుకున్నాం. ఆర్సీలో లోను ఉందా, చలాన్లు ఉన్నాయా, ఎప్పుడైనా ట్యాక్సీగా నడిచిందా అని చూశాం. ఒక్క సర్వీసు కాయితం లేకపోయినా లేచి వచ్చేసేవాళ్ళం, ధర ఎంత తగ్గించినా సరే.

బెంగళూరులో చవగ్గా దొరుకుతుందని పరుగెత్తేవాళ్ళకి ఒక మాట. కర్ణాటక బండికి ఎన్‌ఓసీ తెచ్చి ఇక్కడ మళ్ళీ టాక్సు కట్టాలి, ఆ డబ్బు కలిపి చూడండి. ఇన్సూరెన్సు 14 రోజుల్లో మన పేరుకి మార్చాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనసు మనకి రాదు.

బావగారి మాటలో నిజం లేకపోలేదు. మళ్ళీ అమ్మితే మాకు మంచి ధర రాదు. కానీ మేము అమ్మడానికి కొనలేదు, ఒపిక ఉన్నన్నాళ్ళు తిరగడానికి కొన్నాం. ఏడాదికి 12,000 తిరిగే మాలాంటివాళ్ళకి కొత్త హైబ్రిడ్‌కి ఇచ్చే అదనపు ధర పెట్రోలులో తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ అదనాన్ని మొదటి ఓనరు భరించేశాడు.

ఈ లెక్కంతా కాయితం మీద వేసి ఇంటావిడకి చూపించాం. రెండుసార్లు కూడి చూసుకుని పడుకుంది. మీలో ఎవరైనా ఇలాంటి బండి చూస్తుంటే మాకు బండి ఫోటో పంపకండి. సర్వీసు కాయితాలు పట్టుకుని ఇంటికి రండి. కాఫీ తాగుతూ కలిసి చూద్దాం.