ముడి విప్పని తాటాకు కట్ట

"వాని రక్తంలోనే చదువు లేదు" అనే మాట మా వేములవాడలో గుడిచెరువు గట్టున ఎన్నోసార్లు విన్నాను. ఉపాధ్యాయునిగా నేనూ ఒకసారి అన్నాను. ఇప్పుడు దానినే 'వాని జన్యువుల్లోనే లేదు' అంటున్నారు. మాటకు శాస్త్రవేషం వచ్చిందే గాని, శాస్త్రం ఆ మాట చెప్పడం లేదు.

కంటిలోని కణానికీ, కాలేయంలోని కణానికీ ఉన్న గ్రంథం ఒక్కటే. చదివే పుటలే వేరు. సుమారు రెండు మీటర్ల డీఎన్ఏ పోగు కేంద్రకంలో ఇమడాలి గదా! అందుకని ఎనిమిది హిస్టోన్ ప్రోటీన్లు కలిసిన ఒక్కొక్క ఉండకు 147 అక్షర జంటల మేర చుట్టుకొని ఉంటుంది. తాటాకుల కట్టను తాడుతో బిగించినట్లన్న మాట. ముడి సడలనిదే ఆకు చదవలేము.

సడలించేదేమిటి? హిస్టోన్ తోకలలోని లైసిన్‌కు ధనావేశం ఉంటుంది. ఋణావేశం గల డీఎన్ఏను అది పట్టి ఉంచుతుంది. దానికి ఎసిటైల్ అనే చిన్న తునక తగిలితే ఆ ఆవేశం పోయి, పట్టు వదులై, జన్యువును ఆర్ఎన్ఏగా నకలు తీసే ఎంజైముకు దారి దొరుకుతుంది. విన్సెంట్ ఆల్‌ఫ్రీ బృందం 1964లోనే ఈ సంగతి సూచించింది. 1996లో డేవిడ్ ఆలిస్ బృందం టెట్రాహైమినా అనే ఏకకణజీవిలో ఎసిటైల్ తగిలించే ఎంజైమును పట్టుకొని, అది ఈస్టులో జన్యువులను మేల్కొలిపే ప్రోటీనుకు సజాతీయమని చూపింది. నడుమ ముప్పైరెండేళ్లు!

మిథైల్ సంగతి నావంటి వ్యాకరణం వానికి మరింత రుచిస్తుంది. హెచ్3 హిస్టోన్‌లో 4వ లైసిన్ మీద మూడు మిథైళ్లు ఉన్నచోట జన్యువు సాధారణంగా మేల్కొని ఉంటుంది. అవే మూడు 27వ లైసిన్ మీద చేరితే నోరు మూసుకుంటుంది. గుర్తు అదే, స్థానమే అర్థాన్ని మార్చింది.

'అనులేఖనం' మంచి మాటే. అయితే నేను బడిలో విన్న పాఠాలన్నీ వ్రాయసకాని గురించి చెప్పి, కట్ట విప్పేవానిని విడిచిపెట్టినవే. హైదరాబాదు సీసీఎంబీలో రాకేశ్ మిశ్రా బృందం ఏళ్ల తరబడి పండ్ల ఈగలలో శోధించింది ఈ విప్పడం, మూయడం గురించే.

ధ్యానంతో జన్యువులను తెరిపిస్తామనే వారితోనూ నాకు పేచీయే. 2006లో అమెరికా అనుమతి పొందిన వోరినోస్టాట్, ఎసిటైల్‌ను ఊడదీసే ఎంజైములను అడ్డుకొని, చర్మంలో కనబడే ఒక రకం లింఫోమాకు పనిచేస్తుంది. అది మందు, మంత్రం కాదు.

ఆ పిల్లవాని చదువును హిస్టోన్లు తేల్చవు, నిజమే. ఆనాడు వానికి సంధులు అర్థం కాలేదు. నేను రెండవసారి చెప్పలేదు.